పాత ఆంప్‌కి ఒక వంత

(కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, వారాంతాల్లో వాయించుకునే తెలుగు గిటారిస్టుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల గోడ దగ్గర నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ఇంకాసేపట్లో ఈ రెండు పెట్టెలూ, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే ఆంపులు (ఆంప్లిఫయర్లు), ఆన్ చేస్తాను. అప్పుడు ముందువరసవాళ్లే వెనక్కి పరిగెత్తుతారు, మీకు కుర్చీలు మిగలవు. (నవ్వులు)

నా ఎడమ పక్కన ఉన్నది 1968 నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్. నాకంటే ఆరేళ్లు పెద్దది. ముందు పలక వెండి రంగులో ఉంది చూడండి, అందుకే సిల్వర్‌ఫేస్ అంటారు. 1967 దాకా ఆ పలక నల్లగా ఉండేది, బ్లాక్‌ఫేస్ అన్నమాట. 1965లో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకి కోటీ ముప్పై లక్షల డాలర్లకి అమ్మేశాడు. కొత్త యజమానులు రంగుతో పాటు లోపల సరుకు కూడా పాడుచేశారని జనం నమ్మకం. కొన్ని పెద్ద ఆంపుల విషయంలో అందులో నిజం లేకపోలేదు. ఈ డీలక్స్ రివర్బ్ జోలికి మాత్రం పెద్దగా పోలేదు, లోపలున్న సర్క్యూట్ దాదాపు నల్లదానిదే. నల్ల పలక కోసం అదనంగా డబ్బు పోసే స్తోమత నాకు లేదు కాబట్టి 2011లో శాక్రమెంటోలో ఒక పెద్దాయన దగ్గర వెండిది కొన్నాను. ఆయన దాని మీద పూలకుండీ పెట్టుకున్నాడు. తడి మరక ఇంకా ఉంది, కావాలంటే తర్వాత వచ్చి చూడండి.

మరి ఇంత మంచి ఆంప్ ఉండగా రెండోది ఎందుకు? మా ఆవిడ కూడా సరిగ్గా ఇదే అడిగింది, కాకపోతే గొంతు వేరు. (నవ్వులు)

కారణం ఒక ఉగాది ప్రోగ్రాం. నాలుగో పాట పల్లవిలో ఆంప్‌లోంచి సన్నగా ఒక మూలుగు మొదలైంది. ఎవరో మైకు దగ్గర ఫోన్ పెట్టారనుకున్నాను. చరణానికి వచ్చేసరికి అది బుర్రుమని గిటార్ కంటే పెద్దదైంది. గాయని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఇంటికి తెచ్చి మెకానిక్‌కి చూపిస్తే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆంప్ తప్పూ లేదు. గోడలోంచి వచ్చే కరెంటుని చదును చేసే ఆ కెపాసిటర్లకి పదిహేను ఇరవై ఏళ్లు దాటితే భరోసా ఉండదు. నేను మాత్రం ఏనాడూ మూత తీయించకుండా ఊరేగించాను. ఇక్కడో హెచ్చరిక: ఇందులో నాలుగు వందల వోల్టుల పైన డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో నిలవ ఉండిపోతుంది. యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

సరే, రెండో ఆంప్ కొనాలని తేలింది. అక్కడ నేను చేసిన తప్పు వినండి, మీలో సగం మంది అదే చేయబోతున్నారు. నాకు డీలక్స్ ఇష్టం. దానికి పెద్దన్న లాంటిది ట్విన్ రివర్బ్. అదే కంపెనీ, అదే కుటుంబం, 85 వాట్లు, శబ్దాన్ని పెంచే 6ఎల్6 గాజు ట్యూబులు నాలుగు, రెండు 12 అంగుళాల స్పీకర్లు. కొనేశాను. బరువు దాదాపు 29 కిలోలు. పార్కింగ్ నుంచి హాలు దాకా మోసుకొచ్చేసరికి ఆరోహణ వాయించడానికి కూడా వేళ్లు రాలేదు.

పైగా దానివల్ల ఒరిగిందేమిటి? డీలక్స్ 22 వాట్లు, ట్విన్ 85. నాలుగు రెట్లు కదా, నాలుగు రెట్లు మోత వస్తుందనుకున్నాను. చెవి లెక్క అలా ఉండదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. 22 నుంచి 85కి వెళ్తే వచ్చేది 6 డెసిబెల్స్ లోపు. ఆ డబ్బుతో నిజంగా కొన్నది మోత కాదు, ఎంత తిప్పినా శబ్దం పగలకుండా క్లీన్‌గా ఉండే సత్తా. అది నాకు అక్కర్లేదు, నాకు డీలక్స్ వాల్యూమ్ అయిదు దగ్గర కొంచెం బొంగురుపోతేనే ఇష్టం. రెండూ కలిపి పెడితే ఒకే మనిషి రెండుసార్లు మాట్లాడినట్టుంది.

మీలో బుర్రకథ చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. పర్వాలేదు, చాలామందే ఉన్నారు. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు ఉంటాడు. రెండు పక్కలా గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకాయన హాస్యం, ఇంకొకాయన రాజకీయం. కథకుడు యుద్ధం చెబుతుంటే హాస్యం వంత సైనికుడి పెళ్లాం గురించి అడుగుతాడు, రాజకీయం వంత ఈనాటి నాయకుల్ని లాగుతాడు. తందాన తాన అందరూ కలిసి అంటారు, కానీ ఎవరి పని వారిది. మామూలు మాటల్లో వంత పాడటం అంటే ఊఁ కొట్టడం. బుర్రకథలో వంత అంటే కథకుడి దగ్గర లేనిది తెచ్చేవాడు. నా ట్విన్ మొదటి రకం. ఏడాది తిరక్కుండా అమ్మేశాను.

అప్పుడు కూర్చుని ఆలోచించాను: నా డీలక్స్‌లో లేనిది ఏమిటి? చూడండి, వాల్యూమ్, ట్రెబుల్, బాస్, ఆ తర్వాత రివర్బ్ (ప్రతిధ్వని), స్పీడ్, ఇంటెన్సిటీ. మిడ్ నాబ్ లేదు. దాని బదులు లోపల 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి బిగించి వదిలేశారు. మధ్య స్వరాలు ఎంత రావాలో ఫెండర్ వాళ్లే తేల్చేశారు, తక్కువగానే తేల్చారు. సుమారు 400, 500 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట ఉంటుంది. పక్కనెవరూ లేకుండా వాయిస్తే ఆ గుంటే దీని అందం. కింద గుండ్రంగా, పైన గంటలా మోగుతుంది. గాయకుడి గొంతుకి దారి వదులుతుంది కాబట్టి తోడు వాయించడానికి ఇంతకంటే మంచిది లేదు. కానీ రెండు కీబోర్డులు, ఢోలక్, ప్యాడ్స్ అన్నీ ఒక్కసారి లేచాయనుకోండి, ఇంటర్‌లూడ్‌లో నా సోలో ఎటు పోయిందో నాకే వినపడదు. గుంటలో పడిపోతుంది.

కాబట్టి రెండో ఆంప్ ఆ గుంటని పూడ్చాలి. లిస్టు అక్కడే సగానికి తగ్గిపోయింది.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను, దాన్ని చూసి షాపులో కుర్రాడు నవ్వాడు. డీలక్స్‌ని కార్లో వేసుకుని షాపుకి తీసుకెళ్లాను. రెండో ఆంప్‌ని ఎప్పుడూ ఒంటరిగా వినకండి. పెళ్లిచూపుల్లో అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి పాట పాడించుకుని వచ్చేస్తే, ఇద్దరికీ పొసుగుతుందో లేదో ఎలా తెలుస్తుంది? ఒంటరిగా అద్భుతంగా ఉన్నది మీ ఆంప్ పక్కన బురదైపోవచ్చు. ఒంటరిగా ముక్కుతో మాట్లాడినట్టున్నది, పక్కన పెట్టగానే పాటకి ప్రాణం తేవచ్చు. నాకు రెండూ జరిగాయి.

మొదట విన్నది ట్వీడ్ డీలక్స్ రకం. అదీ ఫెండర్‌దే, 1950ల నాటి డిజైను, పసుపు గుడ్డ తొడుగు. ఒంటరిగా విన్నప్పుడు కళ్లు మూసుకుపోయాయి. నా దాంతో కలిపి వాయిస్తే కింది స్వరాలన్నీ ముద్దైపోయాయి. వాల్యూమ్ పెంచేకొద్దీ దాని బాస్ వదులవుతుంది, నా డీలక్స్ బాస్ ఆపాటికే గదంతా నిండి ఉంది. ఒకే ఆంప్ కొనేవాళ్లయితే కళ్లు మూసుకుని కొనండి.

మార్షల్ రకం గురించి ఒక్క మాటే. లండన్ హాన్‌వెల్‌లో డ్రమ్ముల షాపు పెట్టుకున్న జిమ్ మార్షల్, 1962లో ఫెండర్ బాస్‌మన్ ఆంప్ సర్క్యూట్ దగ్గర పెట్టుకుని ఇంగ్లండ్‌లో దొరికే సామానుతో జేటీఎం45 అనే ఆంప్ చేయించాడు. మధ్య స్వరాలకి లోటు లేదు. కానీ అది గొంతు విప్పే వాల్యూమ్‌కి మన కమ్యూనిటీ హాల్లో సమోసాలు పంచేవాళ్లు కూడా వచ్చి తగ్గించమంటారు. రోలండ్ జేసీ-120 మరో దారి. 1975 నుంచి వస్తున్న ట్రాన్సిస్టర్ ఆంప్, 60 వాట్ల ఆంపులు రెండు ఒకే పెట్టెలో. ఇండియాలో స్టేజి సామాను అద్దెకిచ్చేవాళ్ల దగ్గర తరచూ కనిపిస్తుంది, మీరు వాయించే ఉంటారు. ట్యూబుల బెడద లేదు, ఎప్పుడు ఆన్ చేసినా అదే గొంతు. పాత ఆంప్ చెడిపోతే బండి నడవాలి అన్నదే మీ అవసరమైతే దాన్నే తీసుకోండి. నాకు అది మరీ శుభ్రమైన అతిథి, చొక్కా నలగనివ్వదు.

ఇక ఇది. నా కుడి పక్కన ఉన్నది. వాక్స్ ఏసీ15, ఈ మధ్య తయారైన కొత్తదే. డిజైను మూలం మాత్రం 1958 నాటిది. ఇంగ్లండ్ కెంట్ కౌంటీలోని డార్ట్‌ఫర్డ్‌లో జెన్నింగ్స్ అనే కంపెనీలో డిక్ డెన్నీ అనే ఇంజనీర్ చేశాడు. ఇంగ్లండ్‌లోని షాడోస్ అనే బ్యాండ్ కుర్రాళ్లకి 15 వాట్లు చాలక ఇంకా మోత కావాలంటే దాన్ని రెట్టింపు చేసి ఏసీ30 తీశారు. నాకు చిన్నదే చాలు.

లోపల రెండు ఇఎల్84 ట్యూబులు. నా డీలక్స్‌లోని 6వి6 కంటే సన్నగా, చిటికెన వేలంత ఉంటాయి. అసలు తేడా ట్యూబుల్లో కాదు. డీలక్స్‌లో స్పీకర్‌కి పోయే శబ్దంలో కొంచెం వెనక్కి తెచ్చి, తప్పులు దిద్దే ఏర్పాటు ఉంది, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. పక్కన మాస్టారు కూర్చుని గీత దాటినప్పుడల్లా చేతి మీద చిన్న దెబ్బ వేస్తున్నట్టు. అందుకే అది అంత మర్యాదగా ఉంటుంది. వాక్స్‌లో ఆ మాస్టారు లేడు. గట్టిగా మీటితే కొంచెం గరగర, మెల్లగా మీటితే తేట. వేలు ఎంత నొక్కితే అంత మాట్లాడుతుంది. మధ్య స్వరాలు, వాటికి కొంచెం పైన ఉండేవి ముందుకొస్తాయి. టాప్ బూస్ట్ అని రాసి ఉన్న చానెల్‌లో (గిటార్ గుచ్చే దారి అన్నమాట) ట్రెబుల్, బాస్ రెండూ ఫుల్లుగా తిప్పకండి, అప్పుడు ఇదీ మధ్యలో గుంట తవ్వుకుంటుంది. రెండూ తగ్గించి ఉంచితేనే నాకు కావాల్సిన గొంతు వస్తుంది.

ఒక పక్కమాట. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతం వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద. మామూలు మాండొలిన్ తీగ మీటగానే ఆరిపోతుంది, గమకం చివరి దాకా నిలబడదు. మనవాళ్లు గిటార్ మీద రాగం ఎత్తుకున్నప్పుడు కూడా ఇదే సమస్య. ట్యూబ్ ఆంప్‌ని కొంచెం గట్టిగా నడిపితే పెద్ద స్వరం అణుగుతుంది, ఆరిపోతున్న స్వరం పైకి లేస్తుంది. 15 వాట్ల ఆంప్‌తో ఆ పని చిన్న హాల్లో కూడా కుదురుతుంది. 85 వాట్లతో కుదరదు. మోహన రాగం అంతా క్లీన్‌గా వాయిస్తాను అనేవాళ్లకి ఈ ముక్క వర్తించదు.

అయితే కొన్న మొదటి రోజే దీన్ని తిరిగిచ్చేయాలనుకున్నాను. ఇంట్లో రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే గిటార్‌ని రెండింటికీ కలిపాను. విడివిడిగా రెండూ బంగారం. కలిపితే బాస్ మాయం. నీళ్ల చారులా ఉంది. వాల్యూమ్ పెంచితే ఇంకా పలచన. అరగంట నాబ్‌లు తిప్పాను, స్పీకర్‌ని తిట్టాను, షాపుని తిట్టాను. అప్పుడు అనుకోకుండా డీలక్స్‌లో గిటార్ కేబుల్‌ని పీకి పక్క చానెల్‌లో, నార్మల్ అని రాసి ఉంటుందే, అందులో పెట్టాను. దబ్బుమని బాస్ వచ్చి కిటికీ అద్దం అదిరింది.

సంగతేమిటంటే, ఈ డీలక్స్‌లో రెండు చానెళ్లు ఒకదానికొకటి ఎదురు. వైబ్రాటో చానెల్‌లో రివర్బ్ కోసం ఒక ట్యూబ్ మెట్టు ఎక్కువ ఉంటుంది. ప్రతి మెట్టుకీ శబ్దతరంగం బోర్లా పడుతుంది. నార్మల్‌లో సరిసంఖ్య అయితే ఇందులో బేసి. నా జంటలో ఏం జరిగిందంటే, డీలక్స్ స్పీకర్ ముందుకొస్తున్న క్షణంలో వాక్స్ స్పీకర్ వెనక్కి పోతోంది. ఒకడు తోస్తుంటే ఇంకొకడు లాగుతున్నాడు, గాలి కదలదు. నార్మల్‌లో పెడితే సరిపోయింది కానీ అందులో రివర్బ్ లేదు, ఈ ఆంప్‌లో రివర్బ్ లేకపోతే సగం డబ్బు దండగ. చివరికి ఆంప్ ఆపేసి, వాక్స్ స్పీకర్ వెనక ఉన్న రెండు తీగల్ని అటుదిటు చేశాను. రెండు నిమిషాల పని. మీ జంట సంగతి వేరే కావచ్చు, చెవితోనే తేల్చుకోండి: కలిపినప్పుడు బాస్ తగ్గితే ఎదురున్నట్టే. స్పీకర్ తీగ ఊడదీసి ఉండగా మాత్రం ట్యూబ్ ఆంప్‌ని ఆన్ చేయకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

రెండో తలనొప్పి హమ్. రెండు ఆంపులూ గోడకి ఎర్త్ అయ్యి, మళ్లీ గిటార్ కేబుల్ ద్వారా కూడా కలిస్తే ఒక చుట్టు ఏర్పడుతుంది, అందులో 60 హెర్ట్జ్ మూలుగు తిరుగుతుంది. కొందరు పెద్దమనుషులు ఒక ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇస్తారు. ఆ మాట వినకండి. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్తింగ్ సరిగా లేని మైకు ముట్టుకుని స్టేజి మీదే చనిపోయాడు. పాత ఆంపులకి చాలావాటికి రెండు కాళ్ల ప్లగ్గే ఉండేది, మెయిన్స్‌కీ లోపలి లోహపు పెట్టెకీ మధ్య ఒక కెపాసిటర్ ఉండేది. అది చెడిపోతే పెట్టెకి కరెంటు, పెట్టె నుంచి తీగకి, తీగ నుంచి మీకు. దానికి మెకానిక్కులు పెట్టుకున్న పేరు డెత్ క్యాప్. అది తీయించి మూడు కాళ్ల ప్లగ్ వేయించడం పాత ఆంప్ కొన్నాక మొదటి ఖర్చు. హమ్ పోవాలంటే గిటార్‌ని రెండుగా చీల్చే డబ్బా, ఏబీవై బాక్స్ అంటారు, అందులో ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది కొనండి. శబ్దం దాటుతుంది, ఎర్త్ చుట్టు తెగుతుంది.

రివర్బ్ ఒక్క ఆంప్‌లోనే ఉంచండి. డీలక్స్‌లో ప్రతిధ్వని, వాక్స్‌లో పొడి స్వరం. మాట స్పష్టంగా ఒక పక్క, దాని చుట్టూ గాలి ఇంకో పక్క. వైబ్రాటో అని రాసి ఉన్నది కూడా డీలక్స్‌లోనే వాడతాను. నిజానికి అది వైబ్రాటో కాదు, స్వరం ఊగదు, మోతే ఊగుతుంది, దాన్ని ట్రెమోలో అనాలి. అదే కంపెనీ గిటార్ మీద స్వరాన్ని ఊపే కడ్డీకి ట్రెమోలో అని పేరు పెట్టింది. రెండు పేర్లూ తారుమారు. అరవై డెబ్భై ఏళ్లుగా అందరం అలాగే పిలుస్తున్నాం.

ఏదో అడగబోతున్నారు, అడగండి. ... ఇండియా తీసుకెళ్లొచ్చా అంటున్నారు. మా బావమరిది ఇంట్లో, విజయవాడలో, నేనొక చిన్న అమెరికా ప్రాక్టీస్ ఆంప్‌ని తిన్నగా గోడలో పెట్టాను. టప్‌మని ఒక శబ్దం, సన్నగా పొగ. మా అత్తగారు దోమల మందు అనుకున్నారు. (నవ్వులు) ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ 230, 50 హెర్ట్జ్. వోల్టేజీ తగ్గించే గట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, హెయిర్ డ్రయ్యర్‌కి వాడే తేలికపాటి కన్వర్టర్ పనికిరాదు. అది పెట్టినా 60 హెర్ట్జ్ కోసం చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర మరికొంచెం వేడెక్కుతుంది. అందుకని నేను డీలక్స్‌ని తీసుకెళ్లను. అక్కడే ఒకటి కొని బావమరిది ఇంట్లో ఉంచాను. అవును, మూడోది. ఆ సంగతి ఇంట్లో ఇంకా తెలీదు, ఈ రికార్డింగ్‌లో ఆ ముక్క తీసేయండి. (నవ్వులు)

సరే, ఇక వినండి. స్టాండ్‌బై స్విచ్‌లు రెండూ ఇంకా వేయలేదు, పవర్ మాత్రం వేస్తున్నాను. ఒక్క నిమిషం, ట్యూబులు వేడెక్కాలి. లైట్లు కొంచెం తగ్గిస్తే వెనకనుంచి ఆ ఎర్ర మెరుపు మీకూ కనిపిస్తుంది. ముందు డీలక్స్ ఒక్కటే వాయిస్తాను, తర్వాత వాక్స్ ఒక్కటే, అది మీకు నచ్చదు. ఆ తర్వాత రెండూ. ముందువరసవాళ్లు చెవులు చూసుకోండి.